కారు ఒకటే, ఇంజిన్ ఒకటే, టైరు ఒకటే: 2021 టైటిల్‌ను తేల్చింది మూడో డ్రైవరు

ఒక్కో కారును ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు వంతులవారీగా గంటల తరబడి నడిపే పోటీ యూరోపియన్ లె మాన్ సిరీస్. దాని 2021 సీజన్ అనగానే రాబర్ట్ కుబిట్సా పేరే ముందు వినిపిస్తుంది. 2008లో కెనడా గ్రాండ్ ప్రి గెలిచి, 2011 ఫిబ్రవరిలో ఇటలీలో ర్యాలీ ప్రమాదంలో కుడిచెయ్యి తీవ్రంగా దెబ్బతిని, 2019లో ఫార్ములా వన్‌కు తిరిగొచ్చిన డ్రైవరు మరో టైటిల్ అందుకోవడం ఎవరికైనా సంతోషం కలిగించేదే. అయితే ఆ ఏడాది డబ్ల్యూఆర్‌టీ జట్టు ఛాంపియన్ ఎలా అయిందో అర్థం కావాలంటే, అదే కారు పంచుకున్న ఇరవై ఏళ్ల చైనా కుర్రాడు యీఫేయ్ యే దగ్గర మొదలుపెట్టాలి. కార్లన్నీ సమానమైనప్పుడు, జట్టులోని ముగ్గురిలో అందరికంటే నెమ్మదైనవాడు ఎంత నెమ్మది అన్నదే టైటిల్‌ను తేలుస్తుంది. దీనికి 2021 సీజన్ కంటే స్పష్టమైన రుజువు నాకు కనిపించలేదు.

ఆ ఏడాది ఆరు రేసులు. ఏప్రిల్ 18న బార్సిలోనాలో మొదలై, ఆస్ట్రియాలోని రెడ్ బుల్ రింగ్, ఫ్రాన్స్‌లోని పాల్ రికార్, మోంజా, స్పా మీదుగా అక్టోబర్ 24న పోర్చుగల్‌లోని పోర్టిమావులో ముగిశాయి. ఒక్కో రేసు నాలుగు గంటలు. అన్నిటికంటే వేగమైన తరగతి ఎల్ఎంపీ2, దాని కింద ఎల్ఎంపీ3 (ఈ రెండూ రేసు కోసమే తయారుచేసే ప్రోటోటైప్ కార్లు), ఆ తర్వాత రోడ్డు కార్ల రూపంలో ఉండే ఎల్ఎంజీటీఈ, క్లుప్తంగా జీటీఈ. మూడూ ఒకేసారి ట్రాక్ మీద ఉండేవి. గెలుపుకు 25 పాయింట్లు, తర్వాతి స్థానాలకు 18, 15, 12, 10 చొప్పున తగ్గుతూ వస్తాయి. పోల్ పొజిషన్‌కు, అంటే క్వాలిఫయింగ్‌లో మొదటి స్థానానికి, ఒక పాయింటు. టైటిల్ గెలిచిన జట్టుకు మరుసటి ఏడాది లె మాన్ 24 గంటల రేసులో నేరుగా చోటు దొరుకుతుంది. చాలా జట్లు ఏడాదంతా ఖర్చుపెట్టేది ఆ చోటు కోసమే.

ఎల్ఎంపీ2లో సమానత్వం దానంతట అది వచ్చింది కాదు. 2017లో అమల్లోకి వచ్చిన నిబంధనలు ఛాసీ (ఇంజిన్ కాకుండా మిగిలిన కారు) తయారీదార్లను నలుగురికే పరిమితం చేశాయి: ఒరెకా, లిజియే, డల్లారా, రైలీ-మల్టీమాటిక్. ఛాసీ ధర 4,83,000 యూరోలు దాటకూడదని పెట్టారు. ఇంజిన్ అందరికీ ఒకటే, ఇంగ్లండ్‌కు చెందిన గిబ్సన్ కంపెనీ చేసే 4.2 లీటర్ల వీ8. టర్బో లేదు. మొదట్లో దీని శక్తి సుమారు 600 హార్స్‌పవర్. 2021లో ప్రపంచ ఎండ్యూరెన్స్ ఛాంపియన్‌షిప్‌లో పై తరగతిగా కొత్తగా వచ్చిన హైపర్‌కార్లను ఎల్ఎంపీ2లు మించిపోకుండా ఆ శక్తికి కోత పెట్టారు. అదే ఏడాది నుంచి టైర్లు కూడా ఒక్క గుడ్‌ఇయర్‌వే. అంతకుముందు మిషెలిన్, గుడ్‌ఇయర్‌ల మధ్య ఎంపిక ఉండేది. ఎండకు ఏది నిలుస్తుంది, చలికి ఏది త్వరగా పట్టు ఇస్తుంది అన్న లెక్కలో కొన్ని రేసులు తేలిపోయేవి. 2021తో ఆ తేడా కూడా పోయింది.

ఛాసీల సంగతీ అంతే. కాగితం మీద నాలుగున్నా ట్రాక్ మీద గెలవడానికి పనికొచ్చింది ఒరెకా 07 ఒక్కటే. జీ-డ్రైవ్ జట్టు నడిపిన ఆరస్ 01 కూడా పేరు మార్చిన ఒరెకానే. యునైటెడ్ ఆటోస్పోర్ట్స్ జట్టు 2019 మధ్యలో లిజియేను వదిలేసి ఒరెకాకు మారింది. మరుసటి ఏడాదే యూరోపియన్ సిరీస్‌తో పాటు, లె మాన్‌లోనూ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోనూ ఎల్ఎంపీ2 విజయాలు అందుకుంది. అది చూశాక మిగతా జట్లు వేరే ఛాసీ మీద డబ్బు పెట్టడానికి కారణం లేకపోయింది.

ఇక జట్టు ఇంజినీరు చేతిలో మిగిలేది స్ప్రింగులు, డ్యాంపర్లు, యాంటీ-రోల్ బార్లు, నేల నుంచి కారు ఎత్తు, వెనక రెక్క కోణం, బ్రేకుల బలాన్ని ముందూ వెనకా పంచే నిష్పత్తి, ట్రాక్షన్ కంట్రోల్ స్థాయి. వీటిని బాగా కుదిర్చిన జట్టుకు ల్యాప్‌కు రెండు మూడు పదో వంతుల సెకన్లు కలిసిరావచ్చు. డ్రైవరుకూ డ్రైవరుకూ మధ్య తేడా దీనికి ఎన్నో రెట్లు ఉండొచ్చు. అసలు లెక్క అక్కడుంది.

ఈ తరగతిలో ఇంధన ట్యాంకు 75 లీటర్లు. ఒక ట్యాంకుతో సాగే పరుగును స్టింట్ అంటారు. అది ముప్పావు గంటకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. 240 నిమిషాలను 44తో భాగిస్తే అయిదున్నర వస్తుంది. అంటే ఆరు స్టింట్లు, ఇంధనానికీ టైర్లకూ పక్కకు వచ్చి ఆగే పిట్ స్టాప్‌లు అయిదు, చివరి స్టాప్‌లో సగం ట్యాంకు నింపితే చాలు. స్టాప్ సంఖ్యను అయిదు నుంచి నాలుగుకు తగ్గించాలంటే ప్రతి స్టింట్‌నూ 48 నిమిషాలకు లాగాలి. మలుపుకు ముందే యాక్సిలరేటర్ వదిలేసి కారును దొర్లనిచ్చి బ్రేకు కొట్టడం ద్వారా ఇంధనం మిగుల్చుకోవచ్చు గానీ, పూర్తి వేగపు రేసులో అంత మిగల్చడం కష్టం. అందుకే చాలా జట్లు అయిదు స్టాప్‌లకే కట్టుబడి, చివరి స్టాప్ ఎంత చిన్నదిగా చేయగలం అని ఆలోచిస్తాయి.

ఇంధనం నింపుతున్నంతసేపూ ఇంజిన్ ఆపి ఉంచాలి. ఆ సమయంలో డ్రైవర్లు మారవచ్చు, అద్దం తుడవవచ్చు. టైర్ల పని ఇంధనం పని అయ్యాకే. కాబట్టి టైర్లు మార్చడానికి పట్టే ప్రతి సెకనూ స్టాప్‌కు అదనంగా కలుస్తుంది. ఒకే టైర్ల మీద రెండు స్టింట్లు లాగితే ఆ సెకన్లు మిగులుతాయి. కానీ రెండో స్టింట్ చివర్లో పట్టు తగ్గినప్పుడు కారును నిలబెట్టుకోవడం అందరివల్లా కాదు. అనుభవం తక్కువున్న డ్రైవరు స్టీరింగ్ ఎక్కువ తిప్పుతాడు. ముందు టైరు జారి ఇంకా వేడెక్కి ఇంకా అరుగుతుంది. బార్సిలోనాలో పొడవాటి కుడి మలుపులన్నీ ఎడమ ముందు టైరు మీద భారం వేస్తాయి కాబట్టి అక్కడ ఇది వెంటనే బయటపడుతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. వేడి మీద ఆపిన ఇంజిన్‌ను మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు స్టార్టర్ మోటార్ మొరాయిస్తే, అంతసేపూ మిగిల్చిన సెకన్లన్నీ ఒక్క స్టాప్‌లో పోతాయి.

ఇప్పుడు డ్రైవర్ల శ్రేణుల సంగతి. అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్ఐఏ డ్రైవర్లను ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అని నాలుగు శ్రేణులుగా చూస్తుంది. ఎల్ఎంపీ2 కారులో కనీసం ఒకరు సిల్వర్ లేదా బ్రాంజ్ అయి ఉండాలి. వృత్తి డ్రైవర్ల మధ్య ఔత్సాహికులకు చోటు మిగలాలని, వాళ్లు తెచ్చే డబ్బుతో జట్లు బతకాలని ఈ నిబంధన పెట్టారు. బ్రాంజ్ అంటే ఎక్కువగా వయసు మీరాక రేసింగ్‌లోకి వచ్చిన ఔత్సాహికులు. సిల్వర్‌లో మాత్రం రెండు రకాల మనుషులు కలిసిపోయారు: కొంత అనుభవమున్న ఔత్సాహికులు, గోల్డ్‌కు కావలసిన ఫలితాలు ఇంకా ఖాతాలో పడని పాతికేళ్ల లోపు కుర్రాళ్లు.

ఆ రెండు రకాల మధ్య తేడా ఎంతో రెడ్ బుల్ రింగ్ మీద లెక్కేసి చూద్దాం. ల్యాప్ 4.318 కిలోమీటర్లు. ల్యాప్‌కు 80 సెకన్లు అనుకుంటే, ఏ ఆటంకమూ లేకుండా నాలుగు గంటల్లో 180 ల్యాప్‌లు వస్తాయి. ముగ్గురూ సమానంగా పంచుకుంటే ఒక్కొక్కరికి 60. సిల్వర్ డ్రైవరు సహచరుల కంటే ల్యాప్‌కు 0.8 సెకన్లు వెనకబడితే మొత్తం నష్టం 48 సెకన్లు. వెనకబాటు 0.2 సెకన్లే అయితే నష్టం 12 సెకన్లు. మధ్యలో ఉన్న ఆ 36 సెకన్లను ఏ పిట్ స్టాప్ వ్యూహమూ, ఏ డ్యాంపర్ సర్దుబాటూ పూడ్చలేవు.

ట్రాఫిక్ ఈ తేడాను ఇంకా పెంచుతుంది. ఆ చిన్న ట్రాక్ మీద నలభై కార్లుంటే సగటున 108 మీటర్లకు ఒకటి. ఎల్ఎంపీ2 డ్రైవరుకు ఖాళీ రోడ్డు దొరికే ల్యాపే అరుదు. ముందున్న జీటీ కారును మలుపు లోపల దాటాలా, మలుపు అయ్యాక గేర్లు పడుతుండగా దాటాలా అని ప్రతిసారీ అరసెకనులో నిర్ణయించుకోవాలి. తప్పు నిర్ణయానికి ఒక సెకను పోతుంది. ఆత్రపడితే ముందు స్ప్లిటర్ (ముక్కు కింద ఉండే పలక) విరిగి, ముక్కు భాగం మార్చడానికి పిట్‌లోకి రావాల్సి వస్తుంది. జట్లు తమ డ్రైవర్లను కొలిచేటప్పుడు ఒక్క వేగమైన ల్యాప్‌ను కాకుండా, మెరుగైన 20 శాతం ల్యాప్‌ల సగటునూ స్టింట్ మొత్తం సగటునూ పక్కపక్కన పెట్టి చూసేది ఇందుకే. మొదటిది వేగాన్ని, రెండోది ట్రాఫిక్‌లో నేర్పును చెబుతుంది.

డబ్ల్యూఆర్‌టీ ఈ లెక్కను బాగా చదివిన జట్టు. విన్సెంట్ వోస్ నడిపే ఈ బెల్జియం జట్టు ఆడీ జీటీ3 కార్లతో 2011, 2014ల్లో స్పా 24 గంటల రేసు గెలిచింది. పిట్ స్టాప్‌ల్లో చెయ్యి తిరిగిన మెకానిక్‌లు అప్పటికే ఉన్నారు. ప్రోటోటైప్‌లలో పూర్తి సీజన్ మాత్రం 2021లోనే మొదలైంది. 41వ నంబరు ఒరెకాకు కుబిట్సా, స్విట్జర్లాండ్ డ్రైవర్ లూయీ డెలెట్రాజ్, సిల్వర్ స్థానంలో యే. ఈ కుర్రాడు 2020లో యూరోఫార్ములా ఓపెన్ ఛాంపియన్. 2021 ఆరంభంలో ఆసియా లె మాన్ సిరీస్ టైటిల్ కూడా గెలిచి వచ్చాడు. అలాంటివాడు నిబంధన కోసం పెట్టుకున్న మూడో మనిషిలా ఎందుకుంటాడు? ముగ్గురిలో ఎవరిని ఏ స్టింట్‌లోనైనా కారెక్కించవచ్చు. ఫుల్ కోర్స్ యెల్లో పడ్డప్పుడు, అంటే ట్రాక్ మొత్తం వేగం తగ్గించి నడిపించేటప్పుడు, ప్రత్యర్థి జట్లు తమ సిల్వర్‌ను ఎప్పుడు దించాలా అని తంటాలు పడుతుంటే వీళ్లకు ఆ చిక్కే లేదు.

ఫలితం మొదటి రేసులోనే కనిపించింది. బార్సిలోనా గెలిచారు, వెంటనే రెడ్ బుల్ రింగ్ కూడా గెలిచారు. పాల్ రికార్, మోంజా వేరేవాళ్లకు పోయినా, మొదటి రెండు గెలుపుల 50 పాయింట్లు వాళ్లకు వెన్నుదన్నుగా నిలిచాయి.

ఆగస్టులో లె మాన్. అది ఈ సిరీస్‌లో భాగం కాదు గానీ, ఈ ముగ్గురి కథలో దాన్ని వదిలేయలేం. ఇరవై నాలుగు గంటల రేసులో ఎల్ఎంపీ2లో ముందంజలో ఉండి, ఆఖరి ల్యాప్ మొదలుపెట్టిన కాసేపటికే 41వ నంబరు కారు ట్రాక్ మీద డన్‌లప్ అనే చోట ఆగిపోయింది. అప్పుడు నడుపుతున్నది యే. కారణం థ్రాటిల్ సెన్సార్ వైఫల్యం. ఈ కార్లలో పెడల్‌కూ ఇంజిన్‌కూ మధ్య తీగ ఉండదు. పెడల్ ఎంత నొక్కారో సెన్సార్ చెబితేనే ఇంజిన్‌కు తెలుస్తుంది. ఆ సంకేతం నమ్మదగినది కాదని కంప్యూటర్‌కు అనిపిస్తే శక్తి ఇవ్వదు. ఆ పరిస్థితిలో డ్రైవరు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. గెలుపు అదే జట్టు 31వ నంబరు కారుకు దక్కింది. రెండో స్థానంలో వచ్చిన జోటా జట్టు కారుతో తేడా 0.727 సెకన్లు.

నాలుగు వారాల తర్వాత, సెప్టెంబర్ 19న, 7.004 కిలోమీటర్ల స్పా మీద అదే ముగ్గురు గెలిచి, ఇంకో రేసు మిగిలుండగానే సిరీస్ టైటిల్ ఖాయం చేసుకున్నారు. ఒక సెన్సార్ ఒక రేసును లాగేసుకోగలదు. ఆరు రేసుల మీద పరచిన లెక్కను చెరపడం దానివల్ల కాదు. అందుకే జట్టు సత్తాను కొలవడానికి లె మాన్ కంటే ఈ సిరీసే నమ్మకమైన కొలమానమని నేననుకుంటాను.

ఆ ఏడాది జీటీఈలో టైటిల్ గెలిచిన ఐరన్ లింక్స్ ఫెరారీ జట్టు మాట కూడా కాస్త చెప్పుకోవాలి. మాట్టెయో క్రెసోనీ, మిగేల్ మొలీనాలతో పాటు రీనో మాస్ట్రొనార్డీ అందులో బ్రాంజ్ డ్రైవరు. అప్పుడు అక్కడ బ్రాంజ్ తప్పనిసరి, సిల్వర్ కుర్రాడిని పెట్టి సరిపెట్టే వీలు లేదు. ఔత్సాహికుడికి చోటు అన్న మాట జీటీఈలో నిజంగా అమలైంది, ఎల్ఎంపీ2లో అమలు కాలేదు.

తర్వాతి ఏళ్లు ఇదే నిరూపించాయి. 2023లో అల్గార్వ్ ప్రో జట్టు అలెక్స్ లిన్, జేమ్స్ అలెన్‌ల పక్కన కుర్రాడు కైఫిన్ సింప్సన్‌ను పెట్టుకుని టైటిల్ గెలిచింది. 2024లో కుబిట్సా, డెలెట్రాజ్‌లు మళ్లీ కలిసి, ఈసారి జానీ ఎడ్గార్‌తో టైటిల్ తెచ్చారు. 2025 లె మాన్‌లో మొత్తం రేసునే గెలిచిన 83వ నంబరు ఫెరారీలో ఉన్నది కుబిట్సా, యే, 2020 యూరోపియన్ సిరీస్ ఛాంపియన్ ఫిల్ హాన్సన్. నాలుగేళ్ల ముందు సిల్వర్ ముద్రతో నడిపినవాడు ప్రపంచంలోనే పెద్ద ఎండ్యూరెన్స్ రేసు గెలిచాడంటే, ఆ ముద్ర అతని వేగాన్ని సరిగా చెప్పలేదని ఒప్పుకోవాలి.

తప్పు డబ్ల్యూఆర్‌టీది కాదు. నిబంధన ఇచ్చిన చోటును అందరికంటే బాగా వాడుకుంది, అంతే. మన డ్రైవర్లకు కూడా ఐరోపా తలుపు తెరిచేది ఈ రకం సీట్లే. 2019లో అర్జున్ మైనీ ఇదే సిరీస్‌లో ఆర్‌ఎల్‌ఆర్ జట్టు ఒరెకాను బ్రూనో సెన్నా, జాన్ ఫరానోలతో పంచుకున్నాడు.  కుర్రాళ్లకు ఈ దారి మూసేయమని ఎవరూ అడగకూడదు.

బ్రాంజ్ డ్రైవర్లున్న జట్లకు ప్రో-యామ్ పేరుతో వేరే పోటీ పెట్టడం మంచి అడుగు. దాంతో ఔత్సాహికులకు ఊపిరాడింది. మిగిలిన చిక్కు సిల్వర్‌లో ఉంది. శ్రేణిని వయసును బట్టీ పాత ఫలితాలను బట్టీ ఏడాదికోసారి నిర్ణయిస్తే, వేగంగా ఎదిగే కుర్రాడి కంటే ముద్ర ఎప్పుడూ ఒక ఏడాది వెనకే ఉంటుంది. ప్రతి కారు ప్రతి సెక్టార్‌లో, అంటే ల్యాప్‌లోని ఒక్కో భాగంలో, తీసుకున్న సమయమూ నిర్వాహకుల దగ్గర ఉంది. మూడు రేసులయ్యాక ఒక సిల్వర్ డ్రైవరు మెరుగైన 20 శాతం ల్యాప్‌ల సగటు అదే కారులోని గోల్డ్ డ్రైవరుకు 0.2 సెకన్ల లోపు ఉంటే, సీజన్ మిగతా భాగమంతా అతని కనీస డ్రైవింగ్ సమయాన్ని మార్చకుండా, గోల్డ్ సహచరుల సమయానికి మాత్రం గట్టి పరిమితి పెట్టవచ్చు. కుర్రాడి సీటు పోదు, జట్టు ఒప్పందం చెడదు, నిజంగా నెమ్మదైన సిల్వర్‌ను నమ్ముకున్న జట్టుకు ఆ 36 సెకన్లలో కొంతైనా తిరిగొస్తుంది.