గడ్డురోజుల్లో రాసుకోవాలంటే సంకల్పంలో 'యావచ్ఛక్తి' ఉండాలి

మొన్నటి వినాయక చవితికి మా ఇంట్లో కుడుములు లేవు, ఉండ్రాళ్లు లేవు, ఇరవై ఒక్క రకాల పత్రికి బదులు మా వీధి చివరి ఖాళీ ప్లాటులో కోసుకొచ్చిన గరిక, ఒక బెల్లంముక్క ఉన్నాయి. ఆషాఢంలో అమ్మకు పక్షవాతం వచ్చింది. పంతొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చింది కానీ కుడిచెయ్యి ఇంకా లేవడం లేదు. ఈసారికి పూజ మానేద్దామంటే అమ్మే ఒప్పుకోలేదు. నాన్న ఫోన్‌లో యూట్యూబ్ పెట్టుకుని పీట మీద కూర్చున్నారు, అందులోని పంతులుగారు సంకల్పం మొదలుపెట్టారు, చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేని ఆ మాటలు ఆరోజు మొదటిసారి అర్థంతో సహా చెవిన పడ్డాయి.

'శ్రీశైలస్య వాయవ్య ప్రదేశే'. ముందు ఎక్కడ కూర్చున్నామో చెప్పుకోవాలి. హైదరాబాద్ శ్రీశైలానికి వాయవ్యంలో ఉంది కాబట్టి మనం అలా చెప్పుకుంటాం. తర్వాత కృష్ణా గోదావరుల మధ్య అని ఇంకోసారి చోటు చెప్పుకుంటాం. ఆ తర్వాత సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం. అప్పుడు గోత్రం, పేరు. ఇవన్నీ అయ్యాక 'సంభవద్భిరుపచారైః... యావచ్ఛక్తి... పూజాం కరిష్యే' అని వస్తుంది. కుదిరిన ఉపచారాలతో, చేతనైనంత మేరకు, ఈ పూజ చేస్తాను అని. పీట మీద ఆ గుప్పెడు గరికను చూస్తూ వింటుంటే గొంతు పూడుకుపోయింది. ఈ ఏడాది ఇల్లు ఇలా ఉంటుందని తెలిసిన వాళ్లెవరో ముందే రాసిపెట్టినట్టు అనిపించింది.

నేను కథలు రాస్తాను. పత్రికల్లో కొన్ని వచ్చాయి. ఒక నవల సగంలో ఉంది. ఉగాదినాడు నేనూ ఒక సంకల్పం చెప్పుకున్నాను: ఈ ఏడాది నవల పూర్తి చేయాలి, రోజుకి వెయ్యి పదాలు రాయాలి. చైత్రం, వైశాఖం బాగానే నడిచింది. ఆషాఢంలో ఆగింది. ఆగడం నన్ను పెద్దగా బాధపెట్టలేదు, ఆసుపత్రి చుట్టూ తిరిగేవాళ్లకు నవల గుర్తుండదు. అమ్మ ఇంటికొచ్చాక, రాత్రి పదకొండు దాటాక ఇల్లు సద్దుమణిగాక, టేబుల్ ముందు కూర్చుంటే చేతులు రాలేదు. డైరీలో 'వెయ్యి' అన్న అంకె చూస్తే టెన్షన్. నలభై రోజుల బాకీ నలభై వేల పదాలు అని మనసు లెక్క కట్టేది. చవితినాడు ఆ సంకల్పం విన్నాక నాది ఎక్కడ చెడిందో తెలిసింది. నా ఉగాది మాటలో ఫలం ఒక్కటే ఉంది. ఎక్కడ కూర్చుంటానో లేదు, ఏ వేళకో లేదు, ఉన్నదాంతో చేస్తానన్న మాట అసలే లేదు. రోజులు బాగున్నంత కాలం అలాంటి మాట కూడా నడిచిపోతుంది. ఇంట్లో ఒకరు మంచాన పడితే మొదట విరిగేది అదే.

కష్టం కవిని తయారుచేస్తుందని మన సాహిత్య సభల్లో తరచూ వింటుంటాం. నేను ఒప్పుకోను. ఈ మాటకు సాక్ష్యంగా ఎప్పుడూ దాశరథి కృష్ణమాచార్యను తెస్తారు. 1948లో నిజామాబాద్ జైల్లో, పళ్లు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గుతో గోడ మీద నిజాంకు వ్యతిరేకంగా పద్యాలు రాశారు, నిజమే. ఆ కథలో మనం వదిలేసే ముక్కలు రెండున్నాయి. ఒకటి, అక్కడ ఆయనతో పాటు వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నారు. 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మిన మనిషి, సాహిత్యం విలువ తెలిసిన శ్రోత. రెండు, దాశరథి రాసింది పద్యం. గోడ కడిగేసినా పద్యం నోట్లో ఉంటుంది, ఛందస్సు దాన్ని పట్టి ఉంచుతుంది. కాగితం ఇవ్వని చోట కాగితం అక్కర్లేని రూపం, చెప్పుకోవడానికి పక్కన ఒక మనిషి. దొరికిన ద్రవ్యాలంటే అవే.

మన నగరంలోనే ఇంకా వెనక్కి వెళ్తే అమ్జద్ హైదరాబాదీ కనిపిస్తారు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు తల్లి, భార్య, కూతురు కొట్టుకుపోయారు, ఆ ఇంట్లో ఆయనొక్కరే మిగిలారు. తర్వాత ఉర్దూ సాహిత్యంలో ఆయనకు పేరు తెచ్చింది రుబాయీ, అంటే నాలుగు పాదాల పద్యం. అంత పెద్ద దుఃఖం తర్వాత మనిషికి నాలుగు పాదాలు చాలా పెద్ద కొలతే అని ఇప్పుడు నాకు తెలుస్తోంది. జగిత్యాల నుంచి వచ్చి ఇక్కడ ఫొటో స్టూడియో నడుపుకున్న అలిశెట్టి ప్రభాకర్ క్షయతో, పేదరికంతో నలుగుతూ దినపత్రికలో నగర జీవితం మీద చిట్టి కవితలు ఏళ్ల తరబడి రాశారు. కొన్ని పాదాలు, తెల్లారితే పత్రికకు ఇవ్వాలి, అంతే కొలత. ఆయన 1993 జనవరిలో పోయారు, నలభై కూడా నిండలేదు. జబ్బు ఆయనకు కవిత్వం ఇచ్చిందని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. ఆయన రాయాల్సిన ముప్పై ఏళ్ల కవిత్వాన్ని అది పట్టుకుపోయింది. జబ్బులోనూ ఆయన చేత రాయించింది ఆ చిన్న కొలత, రోజూ దానికోసం చూసే పత్రిక, అన్నిటికీ మించి ఆయన మొండితనం.

ఆసుపత్రిలో ఒక్కసారి నేనూ రాశాను. పదకొండో రోజు అనుకుంటా. నాలుగో అంతస్తు కారిడార్‌లో మా లాంటి వాళ్లు పది పన్నెండు మంది, మెడలో అటెండెంట్ పాసులు, కింద చాప, తలకింద చెప్పుల సంచి. తెల్లవారుజామున ఐదున్నరకు ఫ్లాస్కుతో టీ తెచ్చే అబ్బాయి వస్తాడు. ఆ వేళకు నా ఎదురుగా ఒకామె టిఫిన్ పొట్లం విప్పింది. నాలుగు ఇడ్లీలు. రెండు తను తింది, చట్నీ లేకుండా, టీలో ముంచుకుని. చట్నీ ప్యాకెట్ రబ్బరుబ్యాండ్ కూడా తీయకుండా మిగతా రెండు ఇడ్లీల మీద పెట్టి మళ్లీ మడిచింది. లోపల వార్డులో ఎవరున్నారో నాకు తెలియదు, ఎవరికో చట్నీ అంటే ఇష్టం. నా జేబులో ఉన్న మందుల బిల్లు తీసి, వెనకవైపు, ఇప్పుడు చెప్పిన ఇదంతా మూడు వాక్యాల్లో రాశాను. ఆ పది నిమిషాలు స్కాన్ రిపోర్టు గుర్తు రాలేదు.

మర్నాడు రాయలేదు. ఆ మర్నాడూ లేదు. మనసు కదిలిందని రాసింది మనసు కదిలినప్పుడే వస్తుంది, దాన్ని నమ్ముకుంటే ఏడాదికి మూడు బిల్లులు నిండుతాయి. అందుకే సంకల్పం కావాలంటున్నాను, అదీ పూజలో చెప్పుకునేటంత వివరంగా.

మనస్తత్వ శాస్త్రంలో పీటర్ గోల్‌విట్జర్ అనే పరిశోధకుడు దీని మీద చాలా ఏళ్లు పనిచేశారు. 1999లో ఆయన రాసిన వ్యాసం ఈ విషయంలో బాగా ప్రసిద్ధం. ఫలానాది సాధించాలని అనుకోవడం వేరు, ఫలానా పరిస్థితి ఎదురైతే ఫలానా పని చేస్తానని ముందే ముడేసి పెట్టుకోవడం వేరు, రెండోదే పని జరిపిస్తుంది అని చెప్పారు. ఎందుకంటే ఆ వేళకు మళ్లీ ఆలోచించి నిర్ణయం తీసుకోవాల్సిన పని ఉండదు, ఎదురైన ఆ పరిస్థితే గుర్తుచేస్తుంది. కష్టకాలంలో మనకు ముందుగా అయిపోయేది నిర్ణయాలు తీసుకునే ఓపికే కదా. ఏ డాక్టరు, ఏ మందు, ఎవరి దగ్గర చేబదులు, ఆఫీసులో ఎన్ని సెలవులు అని పొద్దంతా నిర్ణయాలే తీసుకున్న మనిషిని రాత్రి కూర్చోబెట్టి 'ఇవాళ రాద్దామా వద్దా' అని అడిగితే, వద్దనే అంటాడు. తెలుగులో దీనికి '-గానే' అన్న ప్రత్యయం ఉండనే ఉంది. తెల్లారగానే, దిగగానే, తినగానే. సంకల్పంలో '-గానే' లేకపోతే అది కోరిక కిందే లెక్క.

నాది ఇలా ఉంది: మెట్రో మెట్టుగూడ స్టేషన్ దాటగానే ఫోన్‌లో నోట్స్ తెరవాలి, పరేడ్ గ్రౌండ్ వచ్చేలోపు మూడు వాక్యాలు. ఉప్పల్‌లో ఎక్కుతాను, రాయదుర్గం దాకా వెళ్లాలి, కావాలంటే ఇంకా రాయొచ్చు. కానీ మాట ఇచ్చింది ఆ కాస్త దూరానికే. నిలబడి ఒంటిచేత్తో టైప్ చేసినా సరిపోయే కొలత అది. వెయ్యి పదాల వాడికి మూడు వాక్యాలు అవమానంగా అనిపించొచ్చు, నాకూ మొదటి వారం అనిపించింది. అప్పుడు 'యావచ్ఛక్తి' గుర్తు చేసుకున్నాను. ఆ మాట పూజ చెడిపోయాక చెప్పుకునే క్షమాపణ కాదు, పూజ మొదలవకముందే, నీళ్లు వదలకముందే చెప్పుకునేది. తక్కువ చేస్తానేమో అన్న భయాన్ని ముందే లోపలికి పిలిచి కూర్చోబెట్టడం అది.

తప్పిపోయిన రోజుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది రాయడం మానేసేది ఇక్కడే. ఒక్కరోజు తప్పితే రెండోరోజు మొహం చెల్లదు, పదిరోజులు తప్పితే ఇక నేను రచయితనే కాదేమో అనిపిస్తుంది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో 96 మందిని పన్నెండు వారాలు గమనించారు. తిండి, నీళ్లు, వ్యాయామం లాంటి చిన్న అలవాట్లవి, రాయడం గురించి కాదు. ఆ లెక్కలను ముందుకు పొడిగించి చూస్తే, అలవాటు స్థిరపడటానికి మధ్యరకంగా 66 రోజులు పడుతుందని, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా పట్టొచ్చని అంచనా వేశారు. మధ్యలో ఒకరోజు తప్పినందువల్ల అలవాటు పాడవలేదని అందులో తేలింది. మన ఇళ్లల్లో ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. మైల వస్తే దీపం పెట్టరు. పదిరోజులు దేవుడి గది తలుపు వేసే ఉంటుంది. పదకొండో రోజు ఇల్లు కడిగి మళ్లీ వెలిగిస్తారు. ఆ పదిరోజుల దీపాలు బాకీ ఉన్నాయని ఏ ఇల్లాలూ పదకొండు దీపాలు వెలిగించదు. నేను చేయాల్సింది కూడా అదే, డైరీలోని నలభై వేల పదాల బాకీ కొట్టేశాను.

ఇంకొక సలహా వినిపిస్తుంది, నాకు అది అస్సలు నచ్చదు: 'నీ కష్టాన్నే రాయి, గొప్ప కథ అవుతుంది.' జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజూ పావుగంట, తమ జీవితంలోని పెద్ద దెబ్బ గురించి రాయించారు. తర్వాతి నెలల్లో వాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లడం తగ్గింది. ఈ ముక్క అందరూ చెబుతారు. రాసిన వెంటనే మాత్రం వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది, ఆ ముక్క ఎవరూ చెప్పరు. రాత్రి రెండుసార్లు లేచి అమ్మను పక్కకు తిప్పి పడుకోబెట్టాల్సిన మనిషికి ఆ బరువు ఎప్పుడు మోయాలో ఎంచుకునే హక్కు ఉండాలి. నేను అమ్మ గురించి ఒక్క వాక్యం రాయలేదు. మెట్రోలో రాసేవన్నీ వేరేవాళ్ల సంగతులు, చిన్నప్పటి సంగతులు, నవల్లోని చెరువు కట్ట. తన జబ్బు తనది, అది నాకు కథావస్తువు కావాలంటే ముందు తనను అడగాలి, అడిగే రోజు ఇంకా రాలేదు.

ఇదంతా చెబుతున్నప్పుడు ఒక సంగతి దాటేస్తే అన్యాయం అవుతుంది. నాకు మెట్రోలో గంట దొరుకుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే నా స్నేహితురాలికి అది లేదు. భర్త ఉద్యోగం పోయింది, ఈఎంఐలు ఆగవు, ఇంట్లో ట్యూషన్లు చెబుతుంది, రెండు గదుల్లో ఐదుగురు. సంకల్పం చెప్పుకుంటే అన్నీ అమరుతాయని ఆమెకు చెప్పడానికి నోరు రాదు. ఆమె కథలు నా కథలకన్నా మంచివి, అవి రాకపోవడం ఆమె బద్ధకం వల్ల కాదు. ఆ ఇంట్లో పనులు చెరిసగం కావాలి, అది ఇంట్లోవాళ్లు చేయాల్సిన పని. ఆమె తన వంతుగా చేసింది ఏమిటంటే బుధవారం సాయంత్రం ట్యూషన్ పిల్లలను భర్తకు అప్పగించి, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లి, గ్రూప్స్‌కు చదువుకునే కుర్రాళ్ల మధ్య గంటసేపు కూర్చుంటుంది. కొన్ని బుధవారాలు రాస్తుంది, కొన్ని బుధవారాలు కళ్లు మూసుకుని కూర్చుంటుంది. ఆమె లెక్కలో రెండూ ఒకటే, నాకూ అదే సరైనదనిపిస్తుంది.

మేమిద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. రాసిన రోజు వాట్సాప్‌లో 'కూర్చున్నా' అని ఒక్క మాట పెట్టాలి. ఏం రాశావు, ఎంత రాశావు అని అవతలివాళ్లు అడగకూడదు. బాగుందా బాలేదా చెప్పకూడదు. తిరిగి 'సరే' అని పెట్టాలి, అంతే. దాశరథికి జైల్లో ఉన్నంత గొప్ప శ్రోత మాకు దొరక్కపోవచ్చు, కానీ అవతల ఒక మనిషి ఆ మాట కోసం చూస్తుందన్న ఎరుక ఎంత పని చేస్తుందో ఈ కొన్ని నెలల్లో చూశాను. ఆమె రెండు వారాలు ఏమీ పెట్టనప్పుడు నేను ఎందుకు పెట్టలేదని అడగలేదు. మూడో బుధవారం రాత్రి ఏడున్నరకు 'కూర్చున్నా' వచ్చింది. ఆరోజు నేను ఆఫీసు మెట్ల మీద ఉన్నాను, ఒక నిమిషం అక్కడే ఆగిపోయాను.

వచ్చే నెల నుంచి అమ్మకు ఫిజియోథెరపీ ఉదయం పూటకు మారుస్తామన్నారు. నేను ఆఫీసుకు మధ్యాహ్నం షిఫ్ట్ అడిగాను. అప్పుడు మెట్రో మధ్యాహ్నానిది అవుతుంది, తిరిగొచ్చేసరికి రాత్రి అవుతుంది, మెట్టుగూడ ఏ వేళకు దాటుతానో తెలియదు. కాబట్టి చోటు, వేళ మార్చి కొత్తగా చెప్పుకోవాలి. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి అమ్మ చేతికి రబ్బరు బంతి ఇవ్వగానే, పక్కగదిలో స్టూలు మీద, మూడు వాక్యాలు అని ప్రస్తుతానికి అనుకుంటున్నాను. అమ్మకు కూడా ఆ సమయానికి మొదట ఇచ్చేది మూడు నొక్కులేనట.