ఫ్లెక్సీలో వెలసిన కాలినడక వంతెన గారికి

మహారాజశ్రీ వంతెన గారి సముఖానికి, నెల్లూరులో కాలువ గట్టున కాపురముంటున్నవాళ్లం నమస్కరించి రాసుకునేదేమంటే, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా ఫ్లెక్సీలో క్షేమంగానే ఉన్నారని పొద్దున పాలకు పోతూ చూసి సంతోషించాం.

మీ బొమ్మ కింద 'ప్రకృతిని, ప్రజలను కలిపే వారధి' అని రాశారు. నిజమే, ఈ గట్టున మా పేట, బడి, రేషన్ షాపు. ఆ గట్టున చెట్లు, నడిచే బాట, దాటి పోతే చెరువు. మధ్యలో ఒక వంతెన ఉంటే పిల్లలు, ముసలివాళ్లు సాయంత్రం గాలికి అట్లా పోయి రావచ్చు. ఆలోచన బంగారం. బొమ్మను దగ్గరికి పోయి చూశాకే సందేహాలు మొదలయ్యాయి.

ముందుగా, మీ మీద నడుస్తున్నవాళ్లు ఎవరండీ? ఒక తెల్లదొర సూటు వేసుకుని, చేతిలో కాఫీ కప్పుతో పోతున్నాడు. బంగారు రంగు జుట్టు పిల్ల సైకిలు తొక్కుతోంది. వెనకాల బొచ్చు కుక్క. మా పేటవాళ్లు ఒక్కరు లేరు. చేపల గంప నెత్తిన పెట్టుకుని వచ్చే ఆమె లేదు, మోకాళ్ల నొప్పితో అడుగడుక్కీ ఆగే తాత లేడు. చివరికి మా వీధి కుక్క కూడా లేదు, దానికి పట్టా లేదనేమో. చెట్లంటారా, మంచు కురిసే దేశాల్లో పెరిగే రకం. గట్టు మీదున్న వేపలు, కానుగలు బొమ్మలో ఎక్కడా కనపడవు. ప్రకృతితో కలపాలంటే ముందు ఉన్న ప్రకృతిని కొట్టేయాలి గాబోలు.

గాజు పలకల నేల అంట. కింద నీళ్లు కనపడాలని. ఆడవాళ్లు చీరల్లో, లంగా ఓణీల్లో నడిచే ఊళ్లో, కింద నుంచి పైకి కూడా కనపడుతుందని గీసినాయనకు ఎవరూ చెప్పలేదా? ఇక ఆ స్టీలు రెయిలింగు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు మావాళ్లు. మే నెల మిట్టమధ్యాహ్నం దాన్ని పట్టుకుంటే అరచేయి పెనం మీద పెట్టినట్టే. నెత్తిన నీడ మాత్రం జానెడు లేదు.

మీ నడుం ఎందుకు అంత ఎత్తుకు లేచిందో కూడా అర్థం కాలేదు. ఇదేమీ బకింగ్‌హాం కాలువ కాదు, ఒకప్పుడు పడవలు తిరిగాయి, మళ్లీ తిరుగుతాయేమో అనుకోవడానికి. మా కాలువలో ప్రయాణించేది గుర్రపుడెక్క, తాగి పారేసిన కొబ్బరి బోండాలు. వరద నీటికి అందనంత ఎత్తుంటే చాలు. ఆ వరద లెక్క మాత్రం గట్టిగానే కట్టాలి. మాకు పెద్ద వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన నీళ్లు పడుగుపాడు దగ్గర రైలు కట్టనే కోసుకుపోయాయి. కానీ అంతకు మించి లేపిన ప్రతి మీటరుకూ చక్రాల కుర్చీ ఎక్కాలంటే పన్నెండు మీటర్ల వాలు కావాలి, ఒకటికి పన్నెండు అన్నది లెక్క. మూడు మీటర్లు లేస్తే ఒక్కో పక్క ముప్పయ్యారు. ఆ చోటు లేదని కాబోలు, మీకు రెండు వైపులా మెట్లే పెట్టారు. అందం కోసం వంపు, వంపు కోసం మెట్లు, మెట్ల కోసం తాత ఇంట్లోనే.

బరువు సంగతి తమరికి ఎవరైనా చెప్పారా? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో కాలిబాటకు చదరపు మీటరుకు 400 కిలోలు. జాతరలు, తీర్థాలు జరిగే ఊళ్ల దగ్గరైతే 500. మాది మొహర్రం నాడు స్వర్ణాల చెరువులో రొట్టెలు పట్టే ఊరు, లక్షల్లో జనం వస్తారు. అప్పుడు మీ మీద సెల్ఫీలకు నిలబడేది సూటుదొర ఒక్కడే కాదు. ఏ కోరిక ఉంటే ఆ పేరుతో ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, ఇంటి రొట్టె పట్టుకునేవాళ్లున్నారు. వంతెన రొట్టె అడుగుదామంటే, కోరిక తీరినవాళ్లే కదా రొట్టె ఇవ్వాలి! అట్లాంటివాడు ఒక్కడైనా కావాలి.

ఊగడం గురించి కూడా ఒక మాట. లండన్‌లో మీ పెద్దక్క ఒకామె ఉంది, మిలీనియం బ్రిడ్జి. 2000 జూన్ 10న తెరిచారు, రెండ్రోజులకే మూసేశారు. జనం నడుస్తుంటే పక్కలకు ఊగింది. ఊగుతుంటే పడకుండా అందరూ కాళ్లు ఎడం చేసి, దాని తాళానికే అడుగులు వేశారు, దాంతో ఇంకా ఊగింది. ఊపు అణిచే పరికరాలు బిగించి 2002లో గానీ మళ్లీ తెరవలేదు. అంత పెద్ద ఇంజినీర్లకే తప్పలేదు. మన దగ్గర పరీక్షంటే రిబ్బను కత్తిరించేటప్పుడు ఎక్కే జనమే.

ఇంతకీ అసలు బాధ, తమరి స్థలం. మెయిన్ రోడ్డు పక్కన, కార్లో పోయేవాళ్లకు బాగా కనపడే చోట నిలబెట్టారు. కాలినడక వంతెన కార్లవాళ్లకు కనపడాలన్నమాట. మేం దాటేది అక్కడ కాదండీ, ఇంకా దిగువన, బడి వెనక. గాలివానకు కూలిన రెండు సిమెంటు కరెంటు స్తంభాలను ఎవరో కాలువకు అడ్డంగా పడేశారు. పట్టుకోవడానికి కానుగ చెట్టు నుంచి అవతలి వేపకు ఒక తాడు. తాడు మధ్యలో అరచేతులు రాసుకుని రాసుకుని నున్నబడింది. గట్టు మీద గడ్డి మొలవని దారి నేరుగా అక్కడికే పోతుంది. దానికి డిజైనర్ లేడు, ప్రారంభోత్సవం లేదు. నీడ ఉంది, ఎక్కడానికి మెట్టు లేదు. వర్షాకాలంలో టెన్షన్ మాత్రం ఉంది.

తమరు రారని అనడం లేదు. పెద్దవాళ్లు, పనులుంటాయి, ఫండ్స్ రావాలి. ఈలోగా చిన్న మనవి. ఆ రెండు స్తంభాల మధ్య జానెడు సందుంది, బడి పిల్లల చెప్పులు అందులోంచి జారి కాలువలో పడుతున్నాయి. తమరికి పైన బాగా పలుకుబడి ఉందని విన్నాం. మూడో స్తంభం ఒకటి ఇప్పించండి. పాతదైనా పరవాలేదు.

ఇట్లు,
కాలువ గట్టువాళ్లు