అడుగు తెగ్గొడితే నూరడుగులు

ఎండలు ముదిరి చెరువులు అడుగంటగానే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చెరువు గర్భాల్లోకి ట్రాక్టర్లు దిగుతాయి. రాత్రి గ్రావెల్ పడుతుంది, తెల్లారేసరికి చుట్టూ ముళ్లకంచె లేస్తుంది. కొన్నాళ్లకు రేకుల షెడ్డు, దానికో కరెంటు మీటరు, ఇంటిపన్ను రసీదు. ఆపైన అధికారుల నోట వచ్చే మాట ఒక్కటే: ‘ఎలాగూ కట్టేశారు, జరిమానా వేసి వదిలేద్దాం’. మా అభ్యంతరం ఈ మాట మీదే. ఒకడిని వదిలేసిన కాగితమే పక్కవాడి చేతిలో పట్టా అవుతుంది.

నిబంధనలు లేక కాదు. 2017 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు వదలాలి. పది మీటర్ల కన్నా వెడల్పైన గెడ్డకు, అంటే వాగుకు 9, అంతలోపు దానికి 2 మీటర్లు. నది ఒడ్డున పట్టణ హద్దుల్లో 50, బయట 100 మీటర్లు.

అసలు మోసం కొలతలో ఉంది. పూర్తి నీటిమట్టం అంటే అలుగు, అంటే నిండిన చెరువు నీరు పొర్లిపోయే కట్టడం, దాని అంచు ఎత్తు. ఆ ఎత్తును లెవెల్ పరికరంతో చెరువు చుట్టూ తిప్పి, నేల తగిలిన చోటల్లా రాళ్లు పాతాలి. ఆ అలుగునే ఎవరో ఒక అడుగు తెగ్గొడితే? నూరడుగులకు అడుగు వాలున్న నేలలో నీటి అంచు నూరడుగులు లోపలికి పోతుంది. 30 మీటర్ల హద్దు మొత్తం ఆ ఒక్క దెబ్బకే చెల్లు. తడి నేల ఎక్కడ ఆగిందో చూసి టేపు పట్టే సర్వేయరు ఆక్రమణదారుకు కూలి తీసుకోకుండా పనిచేసినట్టే. ముందు అలుగు పాత మట్టాన్ని రికార్డుతో సరిచూడాలి, ఆ తర్వాతే హద్దు. గెడ్డల మీద కల్వర్టు కట్టాల్సిన చోట రెండు సిమెంటు గొట్టాలు పెట్టి మట్టి కప్పుతున్నారు. తుపాను రోజు వాటికి గుర్రపుడెక్క అడ్డం పడితే నీరు ఊళ్లోకి తిరుగుతుంది.

సముద్రం వైపు మినహాయింపుల నడక ఇంకా స్పష్టం. ఉప్పుటేరు ఒడ్డున 2011లో 100 మీటర్లో, ఏరు వెడల్పో ఏది తక్కువైతే అది వదలాలన్నారు. 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్‌లో ఆ 100 కాస్తా 50 అయింది. జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 దాటిన తీర గ్రామాల్లో సముద్రపు పోటు గీత నుంచి వదలాల్సిన 200 మీటర్లు కూడా 50కి దిగాయి. ఇంత తగ్గించాక కూడా ఇసుక దిబ్బలను, మడ అడవులను ముట్టవద్దన్నారు. ఆ దిబ్బలనే జేసీబీలతో చదును చేసి కాటేజీలు వేస్తే ఏమనాలి? మొగలి పొదలు పట్టి నిలిపిన ఆ ఇసుకలో ఇంకిన వాన నీటితోనే తీరంలో బావులు తీయగా ఉంటాయి. దిబ్బ పోతే బావిలోకి ఉప్పు చేరుతుంది.

పర్యాటకం వస్తే ఉపాధి వస్తుందంటారు. రావచ్చు, కానీ హద్దు అవతల కట్టుకున్నా వస్తుంది.

నీరు నిలిచే నేలను కాగితం మీద మార్చేస్తే ఏమవుతుందో శ్రీకాకుళం జిల్లా సోంపేటలోని బీల అనే చిత్తడి నేలకు తెలుసు. 2010 జూలై 14న అక్కడ థర్మల్ ప్లాంటు వద్దన్న జనంపై పోలీసు కాల్పులు జరిగిన రోజునే ఆ ప్లాంటు పర్యావరణ అనుమతి రద్దయింది. ప్రాణాలు మాత్రం తిరిగి రాలేదు. తిరుపతి దగ్గర అవిలాల, పేరూరు చెరువులపై సుప్రీంకోర్టు 2006లో తీర్పు చెప్పేసరికే ఇళ్లు లేచిపోయాయి. ఆక్రమించి ఎన్నేళ్లయినా, ఎంత ఖర్చు పెట్టి కట్టినా అది క్రమబద్ధీకరణకు కారణం కాదని 2011 జనవరిలో అదే కోర్టు తేల్చింది. అయినా మన దగ్గర ‘కట్టేశారు కదా’ అన్నదే వాదన!

వానలకు ముందే అలుగులు కొలవండి, రాళ్లు పాతండి, ఆ పటాన్ని గ్రామ సచివాలయం గోడకు అంటించండి. అది చేయకుండా ‘నోటీసులిచ్చాం’ అని చెప్పుకోవద్దు. ఊరందరి నీటికి జరిమానా రసీదు రాసే అధికారం మీకు ఎవరిచ్చారు?