త్రీడీ పై చార్ట్ గారి సముఖానికి

మహారాజశ్రీ త్రీడీ పై చార్ట్ గారికి,

మీటింగ్ రూమ్‌లో వెనక వరసలో కూర్చునే ఉద్యోగి ఒకడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు. ఎవరి ప్రజెంటేషన్ తెరిచినా, గుండ్రాన్ని వాటాల ముక్కలుగా కోసి చూపించే బొమ్మగా కాస్త వెనక్కి వాలి, కింద నీడ పరుచుకుని, అంచులు నిగనిగలాడుతూ కనిపిస్తూనే ఉన్నారు.

మీ వంశం మంచిదే. 1801లో విలియం ప్లేఫెయిర్ అనే స్కాట్లండ్ ఆయన మీ ముత్తాతను పుస్తకంలో అచ్చేశాడు. టర్కీ సామ్రాజ్యంలో ఆసియా వాటా ఎంత, యూరప్ వాటా ఎంత, ఆఫ్రికా వాటా ఎంత అని చూపించడానికి మూడే ముక్కలు, అదీ బల్లపరుపుగా. మేమూ బడిలో మిమ్మల్ని కోణమానిని పెట్టి గీసినవాళ్ళమే. ఒక శాతానికి 3.6 డిగ్రీలు, పాతిక శాతానికి 90. లెక్క తప్పితే చివరి ముక్క దగ్గర దొరికిపోయేవాళ్ళం.

ఆ తర్వాత మీకు త్రీడీ సోకింది. వెనక్కి వాలగానే గుండ్రం కాస్తా కోడిగుడ్డయింది. పక్కనున్న ముక్కలు సన్నబడ్డాయి, ముందున్నది వెడల్పయింది. చాలదన్నట్టు ముందువైపు కనిపించే మందం కూడా దాని ఖాతాలోకే పోయింది. అంకె మారదు, సైజు మారుతుంది. ఇంతకంటే ఏం కావాలి ఒక ఉద్యోగికి?

దాచడం దేనికి, నేనూ మీ భక్తుణ్ణే. మొన్నటి రివ్యూలో మొత్తం పనిలో మా సెక్షన్ వాటా 19 శాతం, పక్క సెక్షన్‌ది 24. రాత్రి పదకొండింటికి రొటేషన్ మీద వేలు పెట్టి మిమ్మల్ని అలా అలా తిప్పుతూ పోతే, ఒకచోట మా నీలం ముక్క ముందుకొచ్చి పొట్ట విరుచుకుని నిలబడింది. వాళ్ళ బూడిదరంగు ముక్క వెనక ఎక్కడో నక్కింది. స్లైడ్ నీట్‌గా ఉంటుందని అంకెలు కూడా తీసేశాను.

మర్నాడు సార్ చూసి, "మీ సెక్షన్ బాగా ముందుందే!" అన్నారు. ముందున్న మాట నిజమే కదా, నేను కాదనలేదు.

పక్క సెక్షన్ మేడమ్ మాత్రం కళ్ళజోడు సర్దుకుని, "ఒకసారి అంకెలు పెట్టండి" అంది. రైట్ క్లిక్ చేశాను. పెద్ద ముక్క మీద 19, చిన్న ముక్క మీద 24. తర్వాత కాసేపు గదిలో ప్రొజెక్టర్ ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. తమరు మాత్రం నిగనిగలాడుతూనే ఉన్నారు.

మన కళ్ళు కోణాలు పోల్చడంలో మొద్దులని, ఒకే గీత మీద నిలబెట్టిన పొడవుల్ని చాలా బాగా పోలుస్తాయని క్లీవ్‌లండ్, మెగిల్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు 1984లోనే ప్రయోగాలు చేసి చెప్పారట. అందుకని బుద్ధి తెచ్చుకుని, అంకెకో నిలువు స్తంభం నిలబెట్టే బార్ చార్ట్‌కి మారాను. (మీ పన్నెండు రంగుల పట్టీలో ఏ ఆకుపచ్చ ఏ ముక్కదో వెతుక్కునే బాధా తప్పింది. ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపించే మా కొలీగ్ అయితే చేతులెత్తి దణ్ణం పెట్టాడు.)

అయితే మేడమ్ నాకంటే ముందే మారింది. తర్వాతి రివ్యూలో అవే అంకెలతో బార్ చార్ట్ పెట్టింది, కాకపోతే నిలువు గీత సున్నా దగ్గర కాకుండా 18 దగ్గర మొదలైంది. ఆమె బార్ తాటిచెట్టంత, మాది గడ్డిపరకంత. 19కీ 24కీ ఉన్న తేడా అయిదే, తెరమీద మాత్రం ఆమె బార్ మాదానికి ఆరింతలు! ఈసారి "సున్నా నుంచి పెట్టండి మేడమ్" అనడం నా వంతయింది. వచ్చే రివ్యూకి ఇద్దరం సున్నా నుంచే పెట్టాలని, అంకెలు తీసెయ్యకూడదని ఒప్పందం చేసుకున్నాం.

ఒప్పందం సంగతి తెలియని సార్ నిన్న సాయంత్రం నా సీటు దగ్గరికొచ్చారు. "ఈ బార్లు చప్పగా ఉన్నాయయ్యా. రేపు పెద్దవాళ్ళొస్తున్నారు, ఆ గుండ్రందే పెట్టు. తిరుగుతూ వచ్చేలా పెట్టు."

ఈ ఉత్తరం అందుకే. ఎలాగూ పది గంటలకి తమరు రాక తప్పదు. ఆ ఒక్క గంటైనా వెనక్కి వాలకుండా కూర్చోగలరా?

ఇట్లు,
తమరి మాజీ భక్తుడు

తాజాకలం: నీడ ఇంటి దగ్గరే వదిలేసి రాగలరు.