మూడు గంటల్లో క్లచ్ మార్చే మెసేజ్: ఎక్కడెక్కడ తప్పు

మా వైపు జీపులు, థార్‌లు ఉన్నవాళ్ల మధ్య వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారం ఇది: "గేరు పడటం లేదంటే క్లచ్ ప్లేటు అయిపోయినట్టే. మెకానిక్ దగ్గరికి పోవద్దు. ఒక జాకీ, నాలుగు పానాలు ఉంటే ఇంటి ముందరే మూడు గంటల్లో మార్చుకోవచ్చు. ప్లేటు ఒక్కటే కొనండి, మిగతావన్నీ దోపిడీ. ప్లేటును కంటితో చూసి మధ్యలో పెడితే చాలు. గేర్‌బాక్స్ కూర్చోకపోతే బోల్టులు బిగించండి, అదే వస్తుంది. ఫోర్ వీల్ మాత్రం వాడొద్దు, క్లచ్ తొందరగా పోతుంది." నాకు ఐదుగురు పంపారు. అందులో మా బావ కూడా ఉన్నాడు.

ఇంట్లో క్లచ్ మార్చొద్దని నేను అనను. కడపలో మా ఇంటి పోర్టికోలో, మా బావను తోడు పెట్టుకుని, నా పాత ఫోర్ బై ఫోర్ జీపుకు నేనే మార్చాను. రెండు ఆదివారాలు పట్టింది. మధ్యలో వారం రోజులు బండి, జాకీతో ఎత్తాక కింద పెట్టే ఇనుప స్టాండ్ల మీదే ఉంది. కాబట్టి ఆ మెసేజ్‌లో ఏ మాట ఎక్కడ కొంప ముంచుతుందో కొంచెం తెలుసు.

మొదటి మాటే తప్పు. ఇంజనుకూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండి, ఇంజను బలాన్ని గేర్‌బాక్స్‌కు అందించేదీ, పెడల్ తొక్కితే విడదీసేదీ క్లచ్. దానికి జబ్బులు రెండు రకాలు. ఒకటి జారడం. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను అరుస్తుంది, బండి కదలదు, కాలిన వాసన వస్తుంది. ప్లేటు అరిగినా, ఇంజను వెనక ఆయిల్ సీలు కారి ప్లేటు తడిసినా ఇలా అవుతుంది. రెండోది క్లచ్ విడవకపోవడం. పెడల్ అడుగు దాకా తొక్కినా గేరు గరగరమంటుంది, రివర్స్ అసలే పడదు. మెసేజ్ చెబుతున్నది ఈ రెండో జబ్బు గురించి, చూపిస్తున్న మందు మొదటిదానికి! హైడ్రాలిక్ క్లచ్ (ఫ్లూయిడ్ ఒత్తిడితో పనిచేసేది) ఉన్న బండిలో పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్ గానీ కింద గేర్‌బాక్స్ దగ్గరి స్లేవ్ సిలిండర్ గానీ కారుతుండొచ్చు, లైన్లో గాలి చేరి ఉండొచ్చు. ముందు డబ్బాలో ఫ్లూయిడ్ ఉందో లేదో చూడాలి, పెడల్ దగ్గర తడి ఉందేమో తడిమి చూడాలి. ఆ రెండు నిమిషాల పని చేయకుండా గేర్‌బాక్స్ దించినవాడు కొత్త ప్లేటు వేసుకుని మళ్లీ అదే గరగర వింటాడు.

ఇక "ఒక జాకీ, నాలుగు పానాలు". నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఇదే, ఎందుకంటే ఇది ప్రాణాల మీదికి వచ్చే మాట. మా ఊళ్లో ఇంటి ముందర నేల అంటే చాలా చోట్ల కడప బండలే. నడవడానికి చల్లగా ఉంటాయి, కడిగితే అద్దంలా ఉంటాయి. కానీ బరువంతా నాలుగు అంగుళాల చోట పడితే, కింద ఇసుక సరిగా కూరుకుని లేకపోతే, ఆ బండ ఆగదు. మేము ఎడమ పక్క స్టాండు పెట్టి జాకీ దించిన కాసేపటికి టప్ అని శబ్దం. బండ మూల నుంచి మూలకు పగిలింది, స్టాండు కాలు ఒకటి లోపలికి దిగింది, జీపు ఆ పక్కకు ఒరిగింది. అప్పటికి కింద ఎవరమూ దూరలేదు. బావ టీ గ్లాసు పట్టుకుని అట్లే నిలబడిపోయాడు. ఆ తర్వాత స్టాండ్ల కింద మందపాటి టేకు చెక్కలు వేశాం. జాకీ ఎత్తడానికే, దాన్ని నమ్ముకుని బండి కింద పడుకోకూడదు.

ఇంకో సంగతి మెసేజ్‌లో అసలే లేదు. మామూలు కారు వేరు, ఫోర్ బై ఫోర్ వేరు. ఇందులో గేర్‌బాక్స్ వెనక, ముందు వెనక చక్రాలకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ ఉంటుంది, ఆ బలాన్ని చక్రాల వైపు మోసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టులు ముందుకొకటి వెనక్కొకటి రెండు ఉంటాయి. ఆ రెండు షాఫ్టులూ విప్పాక బండిని గేరులో వేసి నిలిపినా ప్రయోజనం లేదు, ఎందుకంటే గేరుకూ చక్రాలకూ సంబంధం తెగిపోయింది. వాన నీళ్లు పోవడానికని పోర్టికో అంతా రోడ్డు వైపు వాలుగానే ఉంటుంది కదా, నేల మీదున్న చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టకపోతే బండి దాని దారిన అది పోతుంది. గేర్‌బాక్స్ కింద అడ్డంగా ఉండే మెంబర్ తీసేస్తే ఇంజను వెనక భాగానికి ఆధారం పోతుంది, దాని కింద కూడా చెక్క పెట్టి నిలపాలి. గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ కలిపి దించితే సిమెంటు మూట కంటే ఎక్కువ బరువు. సిమెంటు మూటనైనా భుజానికి ఎత్తుకోవచ్చు, దీన్ని పడుకుని గుండెల మీదుగా దించాలి.

"ప్లేటు ఒక్కటే కొనండి" అన్నది పొదుపులా కనిపించే దండగ. ఈ పనిలో కష్టమంతా గేర్‌బాక్స్ దించి ఎక్కించడంలోనే ఉంది. పెడల్ తొక్కితే క్లచ్‌ను విడిపించే రిలీజ్ బేరింగు, గేర్‌బాక్స్ షాఫ్టు కొసను పట్టే పైలట్ బేరింగు చిన్న వస్తువులే. కానీ పాతవాటినే ఉంచేస్తే, మూడు నెలలకు అవి కీచుమన్నప్పుడు మళ్లీ రెండు షాఫ్టులు, మళ్లీ గేర్‌బాక్స్. క్లచ్ ప్లేటును అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు వేళ్లు అరిగాయేమో చూడాలి. వెనక ఆయిల్ సీలు కారుతుంటే అప్పుడే మార్చాలి, లేకపోతే కొత్త ప్లేటు కూడా ఆయిల్ తాగుతుంది. మా ఫ్లైవీల్ (ఇంజను వెనక తిరిగే బరువైన చక్రం) మీద రూపాయి బిళ్లలంత నీలం మచ్చలు ఉన్నాయి, వేడికి కాలినవి. దాన్ని లేత్ షాపులో ఇచ్చి ఫేసింగ్ (ముఖం చదును) చేయించడానికే మధ్యలో ఆ వారం పోయింది. కొన్ని కొత్త డీజిల్ బండ్లలో రెండు భాగాలుగా ఉండే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ వస్తుంది, దాన్ని లేత్ మీద పెట్టకూడదు.

పాత ప్లేటు పొడిని నోటితో ఊదడం, ఎయిర్ కొట్టడం వద్దు. పాతకాలం ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడవండి.

"కంటితో చూసి మధ్యలో పెట్టండి" అన్నవాడు ఎప్పుడూ గేర్‌బాక్స్ ఎక్కించి ఉండడు. గేర్‌బాక్స్ షాఫ్టు ప్లేటు మధ్యలోని పళ్లలోంచి దూరి, దాని కొస ఫ్లైవీల్ మధ్యలోని పైలట్ బేరింగులో కూర్చోవాలి. ప్రెషర్ ప్లేటు బిగించాక లోపలి ప్లేటు ఇక కదలదు. అది కొంచెం కిందికి జారి ఉన్నా షాఫ్టు కొస బేరింగులోకి పోదు. మేమూ మొదట కంటితోనే పెట్టాం, దాచడం ఎందుకు. గంటన్నర నెట్టాం. హౌసింగ్‌కూ (గేర్‌బాక్స్ ముందరి గుల్లకూ) ఇంజనుకూ మధ్య వేలు పట్టేంత సందు అట్లే ఉండిపోయింది. బావ బోల్టులు పట్టుకున్నాడు. "బోల్టులతో లాగుదాం, అదే వస్తుంది." తెలిసిన మెకానిక్ భాయ్‌కి ఫోన్ చేశాను. "బోల్టు ముట్టుకోవద్దన్నా, హౌసింగ్ చెవి ఇరుగుతుంది. దించేయ్" అన్నాడు. నిజమే, లాగితే హౌసింగ్ పగలొచ్చు, ప్లేటు మధ్యభాగం వంగొచ్చు. ప్లేటు వంగితే క్లచ్ విడవదు, కథ మళ్లీ మొదటికి. గేర్‌బాక్స్ బరువును షాఫ్టు మీద వేలాడదీసినా ఇదే గతి.

భాయ్ ఒక పాత గేర్‌బాక్స్ నుంచి తీసిన షాఫ్టు ముక్క ఇచ్చాడు. దాన్ని ప్లేటులోంచి పైలట్ బేరింగులోకి దూర్చి, అది లోపల ఉండగానే ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాం. తర్వాత గేర్‌బాక్స్‌ను టాప్ గేరులో, ట్రాన్స్‌ఫర్ కేస్‌ను టూ వీల్‌లో పెట్టి, వెనక షాఫ్టు బిగించే ఫ్లాంజిని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ నెడితే పళ్లు కలిశాయి. సందు దానంతటదే మూసుకుంది. బోల్టులు చివర్లో బిగించడానికే పనికొచ్చాయి.

చివరిది, ఫోర్ వీల్ వాడితే క్లచ్ పోతుందన్నది. తలకిందులు మాట. పెన్నా ఇసుకలో దిగబడిన బండిని టూ వీల్‌లో, పెడల్ సగం తొక్కిన హాఫ్ క్లచ్ మీద, ఇంజను అరిపించి లాగితే పోతుంది క్లచ్. "ఫోర్ లో" (ఫోర్ వీల్‌లోనే నిదానంగా లాగే గేరు) వేస్తే చక్రాల దగ్గర బలం దాదాపు రెండున్నర రెట్లు పెరుగుతుంది, పెడల్ పూర్తిగా వదిలేసి నిదానంగా పాకించవచ్చు. ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేయొద్దన్నది మాత్రం నిజం. కానీ అక్కడ దెబ్బ తినేది షాఫ్టులు, గేర్లు, టైర్లు.

ఇదంతా బావకు ఫోన్‌లో చెప్పి, "నువ్వూ ఉన్నావు కదా ఆ రెండు ఆదివారాలు, మళ్లీ ఆ మెసేజ్ ఎట్లా పంపావు?" అన్నాను. "చదవలేదురా, జీపు బొమ్మ చూసి పంపించా" అన్నాడు. పగిలిన బండ ఫొటో తీసి ఆయనకే తిరిగి పంపాను. దాన్నీ ఎవరికో పంపాడట.