ఓడనివాడి బెల్టు ఎవరు తీసుకెళ్లారు?

2024 మే 18న రియాద్‌లో జరిగిన బాక్సింగ్ పోరులో ఒలెక్సాండర్ ఉసిక్ టైసన్ ఫ్యూరీని ఓడించాడు. హెవీవెయిట్‌లో నాలుగు ప్రపంచ సంస్థలిచ్చే నాలుగు బెల్టులూ ఒక్కడి భుజానికెక్కడం అదే మొదలు. అంతకుముందు ఆ విభాగానికి తిరుగులేని ఛాంపియన్ అంటే 1999లో లెనాక్స్ లూయిసే. ఇన్నేళ్ల తర్వాత దొరికిన ఆ ముచ్చట జూన్ ఆఖరుకల్లా తీరిపోయింది. ఆ నాలుగు సంస్థల్లో ఒకటైన ఐబీఎఫ్ బెల్టు అప్పటికి ఉసిక్ దగ్గర లేకుండా పోయింది. ఎవరి చేతిలో ఓడాడు? ఎవరి చేతిలోనూ కాదు. ఫ్యూరీతో రీమ్యాచ్‌కు అతను సిద్ధమవుతుంటే, ఐబీఎఫ్ మాత్రం తన వరుసలో ఉన్న తప్పనిసరి చాలెంజర్ సంగతి ముందు తేల్చమంది. ఉసిక్ బెల్టు వదిలేశాడు. అది డేనియల్ డుబోయిస్‌కు దక్కింది. 2023 ఆగస్టులో ఇదే ఉసిక్ చేతిలో తొమ్మిదో రౌండ్లో నాకౌటైన డుబోయిస్‌కు!

‘అన్‌డిస్ప్యూటెడ్’ (తిరుగులేని ఛాంపియన్) అన్న మాటకు ఈ సంస్థల ఆఫీసులు చెప్పే అర్థం మీద నాకు నమ్మకం పోయింది అందుకే. నాలుగు బెల్టులూ కూడగట్టినవాడు రింగులో ఓడాలి, రిటైరవ్వాలి, లేదా ఆ బరువు వదిలి వెళ్లాలి. అప్పటిదాకా ఛాంపియన్ అతనే. నాలుగో దారి ఉండకూడదు.

అసలు ఈ నాలుగు అంకె ఎక్కడిది? 1921 నాటి సంస్థే పేరు మార్చుకుని డబ్ల్యూబీఏ అయింది. 1963లో డబ్ల్యూబీసీ, 1983లో ఐబీఎఫ్, 1988లో డబ్ల్యూబీవో వచ్చాయి. 1987లో మైక్ టైసన్‌కు తిరుగులేనివాడు అనిపించుకోవడానికి మూడే సరిపోయాయి. నాలుగూ తొలిసారి పోగేసింది 2004లో బెర్నార్డ్ హాప్కిన్స్. రేపు ఐదో దుకాణం నిలదొక్కుకుంటే వీళ్లంతా ఒక బెల్టు తక్కువ ఛాంపియన్లవుతారా? టైటిల్ పోరు జరిగిన ప్రతిసారీ బాక్సర్ పారితోషికంలోంచి ఈ సంస్థలకు వాటా వెళ్తుంది. వాళ్లకు బెల్టు ఖాళీగా ఉండటం కన్నా ఎవరో ఒకరి నడుముకు ఉండటమే లాభం. 1992లో హెవీవెయిట్ ఛాంపియన్ రిడిక్ బోవ్ లండన్‌లో విలేకరుల ముందే డబ్ల్యూబీసీ బెల్టును చెత్తబుట్టలో పడేశాడు. లూయిస్‌తో తలపడకుండా తప్పించుకున్నాడన్న మాట నిజమే. ఆ దృశ్యం మాత్రం నాకు ఇప్పటికీ ఇష్టం.

తప్పనిసరి చాలెంజర్ నిబంధన లేకపోతే ఛాంపియన్లు తేలికైన ప్రత్యర్థులను ఏరుకుని ఏళ్లు గడిపేస్తారని అంటారు. నిజమే, గడిపేస్తారు. కానీ నాలుగు సంస్థలు నాలుగు వరుసలు పెట్టి, ఎవరికి వారు ‘ముందు మా వాడు’ అంటే ఒక్క మనిషి ఏం చేస్తాడు? నాలుగూ కలిసి ఒకే వరుస పెట్టుకోవచ్చు. పెట్టుకోరు.

ఇక బరువుల సంగతి. 1938లో హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఫెదర్, లైట్, వెల్టర్ వెయిట్ టైటిళ్లు మూడూ ఏకకాలంలో పట్టుకున్నాడు. అప్పటికి ఉన్న ప్రధాన విభాగాలే ఎనిమిది. ఇప్పుడు పదిహేడు, కొన్నిచోట్ల మధ్య తేడా మూడు నాలుగు పౌండ్లే. అందుకే విభాగాల సంఖ్య కన్నా దాటిన దూరం చూడాలంటాను. నవోయా ఇనోవే 118 పౌండ్ల నుంచి 122కు వెళ్లి రెండుచోట్లా నాలుగేసి బెల్టులు గెలిచాడు, గొప్పే. టెరెన్స్ క్రాఫర్డ్ 140, 147లో ఆ పని ముగించి, మధ్యలో 154లో ఒకే ఒక్క పోరు ఆడి, 2025 సెప్టెంబరులో 168కి ఎక్కి కానెలో అల్వారెజ్‌ను ఓడించాడు. ఆ ఇరవై ఒక్క పౌండ్లు ఏ బెల్టూ చెప్పలేని సాక్ష్యం.

ఆ రాత్రి నుంచి ‘మూడు విభాగాల్లో అన్‌డిస్ప్యూటెడ్, చరిత్రలో తొలిసారి’ అని ఒకటే మోత. ‘పురుషుల్లో, నాలుగు బెల్టుల కాలంలో’ అన్న మాట చేర్చకపోతే అది తప్పు. మహిళా బాక్సర్ క్లారెస్సా షీల్డ్స్ 2019లో మిడిల్‌వెయిట్, 2021లో లైట్ మిడిల్‌వెయిట్, 2025 ఫిబ్రవరిలో హెవీవెయిట్ పూర్తి చేసింది. క్రాఫర్డ్ కన్నా ఏడు నెలల ముందే. మహిళల విభాగాల్లో పోటీ పలచన అంటారా? మూడు నిమిషాల బదులు రెండు నిమిషాల రౌండ్లు, అరకొర ప్రసారాలు, ప్రధాన పోరుకు ముందు ఎక్కడో అండర్‌కార్డులో చోటు. పలచన చేసినవాళ్లే ఆ మాటంటే ఎలా?