రెక్క మన ఊరిది, బొమ్మ పరాయిది

2025 సెప్టెంబరు నాలాంటి వాళ్లకు మామూలు నెల కాదు. 12న డీమన్ స్లేయర్ అనే జపాన్ యానిమేషన్ (యానిమే) సినిమా తెలుగు డబ్బింగ్‌తో థియేటర్లకు వచ్చింది. సరిగ్గా రెండు వారాల తర్వాత, 26న, చండీగఢ్‌లో మిగ్-21 యుద్ధ విమానానికి వాయుసేన వీడ్కోలు పలికింది. మొదటిదానికి ఇంటర్ చదివే మా అన్నయ్య కొడుకుతో కలిసి వెళ్లాను. రెండోది ఫోన్‌లో చూశాను. ఆ రాత్రి షెల్ఫ్‌లోంచి అసలు విమానంలో 72వ వంతు సైజున్న (1/72) మిగ్-21 బొమ్మను దించి, మెత్తటి బ్రష్‌తో దుమ్ము తుడిచి, చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. అదే షెల్ఫ్‌లో పై అరలో జపాన్ యానిమే సీరియల్ గండమ్‌లోని రోబోలు, కింది అరలో హాట్ వీల్స్ కార్లు ఉంటాయి. "నలభై దాటాయి, ఇంకా ఈ బొమ్మలేంట్రా" అని మా పెద్దమ్మ వచ్చినప్పుడల్లా అంటుంది.

పెద్దమ్మ మీద నాకు కోపం లేదు. కానీ ఆవిడ అనే మాటనే మన బడులు, మన కాలేజీలు, మన పన్నుల శాఖ కూడా అంటున్నాయి. పెద్దవాళ్లు బొమ్మలు చేస్తే అది పనిలేని పని, పిల్లలు చేస్తే చదువు పాడు. ఈ ఆలోచన తప్పు. ఈ తప్పు వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోతున్న ఊరు హైదరాబాద్.

ఎందుకంటే ఈ ఊరు బతికేదే విమానాలు, యానిమేషన్, ఈ రెండింటి మీద. అల్వాల్, సుచిత్ర వైపు పెరిగినవాళ్లకు హకీంపేట నుంచి లేచే కిరణ్ శిక్షణ విమానాల చప్పుడు వింటూనే తెల్లారేది. దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ఉంది. బాలానగర్‌లో హెచ్‌ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) ఏవియానిక్స్, అంటే విమాన ఎలక్ట్రానిక్ పరికరాల, డివిజన్ 1965లో మొదలైందే మిగ్-21 కోసం. వీడ్కోలు రోజున నేను చూసిన ఏ చానెల్లోనూ ఆ సంగతి చెప్పలేదు. విమాన భాగాల ఫ్యాక్టరీలున్న నగర శివారు ఆదిభట్ల గురించి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. అపాచీ హెలికాప్టర్ ఫ్యూజలేజ్‌లు, అంటే ఒళ్లు, 2018 నుంచి అక్కడి నుంచే వెళుతున్నాయి. సి-130జె రవాణా విమానాల తోక భాగాలు, ఎఫ్-16 రెక్కలు కూడా అక్కడివే. రఫేల్ ఫ్యూజలేజ్ హైదరాబాద్‌లో తయారు చేసేందుకు 2025 జూన్‌లో ఒప్పందాలు కుదిరాయి. ఇక యానిమేషన్ సంగతంటారా, ఛోటా భీమ్ పుట్టింది ఇక్కడే, 2008లో. విదేశీ స్టూడియోల కోసం రాత్రిళ్లు కూర్చుని ఫ్రేములు దిద్దే కుర్రాళ్లు ఈ ఊళ్లో ఎంతమందో.

ఇంత పని జరుగుతున్న ఊళ్లో, ఆ పనిని ప్రేమించేవాడిని చూసి నవ్వుతాం.

విడి ముక్కలు అతికి చిన్న సైజులో అసలు విమానంలా కట్టే స్కేల్ మోడల్ కిట్ ఒకటి కడితే ఏమొస్తుందని అడిగేవాళ్లకు నా మిగ్-21 గురించే చెబుతాను. దాని ముక్కు దగ్గర ఒక కోన్ ఉంటుంది. కిట్‌లో అది చిటికెన వేలి గోరంత ముక్క. మావాడు దాన్ని చేతిలోకి తీసుకుని, "బాబాయ్, ఇది గాలి లోపలికి పోకుండా అడ్డం కదా, ఎందుకు పెట్టారు?" అన్నాడు. ధ్వని కంటే వేగంగా పోతున్నప్పుడు గాలి అదే వేగంతో ఇంజిన్‌లోకి దూరితే ఇంజిన్ పనిచేయదు, ఆ కోన్ దగ్గర పుట్టే షాక్ వేవ్ గాలిని నెమ్మదింపజేస్తుంది, వేగాన్ని బట్టి ఆ కోన్ ముందుకూ వెనక్కూ జరుగుతుంది అని చెప్పాను. వాడు రెండు రోజులు కాగితాల మీద బొమ్మలు గీస్తూ కూర్చున్నాడు. ఆ పాఠం వాడికి ఏ మెటీరియల్‌లోనూ రాదు. తర్వాత వెన్ను చూపించాను. పాత ఎఫ్‌ఎల్ రకానికి వెన్ను సన్నం, బిస్ రకానికి లావు. ఇంధనం కోసం, పరికరాల కోసం విమానం ఏళ్లు గడిచేకొద్దీ ఎలా బరువెక్కిందో ఆ ఒక్క గీతలో కనిపిస్తుంది. విమానం రేకుల అతుకులను చూపే ప్యానెల్ లైన్లు గీసేటప్పుడు చెయ్యి వణకకూడదు. గుర్తులూ అంకెలూ అతికించే పల్చటి డెకాల్ నీళ్లలో ఎక్కువసేపు ఉంచితే విడిపోతుంది, తక్కువసేపు ఉంచితే చిరుగుతుంది. అతుకు కనబడకుండా పుట్టీ రాసి, ఆరబెట్టి, నీటి కాగితంతో రుద్ది, మళ్లీ రాసి, మళ్లీ రుద్దాలి. నెల రోజులు పడుతుంది. ఓపిక, చూపు, చేతి పని, మూడూ ఒకేసారి నేర్పే చదువు ఇంకేదైనా ఉంటే చెప్పండి.

ఇది మనకు పరాయి విద్యా కాదు. తెనాలిలో మా అమ్మమ్మ సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేది. ఇనప్పెట్టెలో, పాత నూలు చీర ముక్కల్లో చుట్టి, కలరా ఉండలు వేసి దాచిన కొండపల్లి బొమ్మలు. అంబారీ ఏనుగు, దశావతారాలు, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు. ఏటా ఒక్కటైనా కొత్తది చేరాలి. ఏ మెట్టు మీద ఏది ఉండాలో ఆవిడకో లెక్క ఉండేది, పొరపాటున మార్చామా ఊరుకునేది కాదు. కలెక్టర్ అంటే అదే కదా. కొండపల్లిలో తెల్ల పొణికి ముక్కల్ని అతికి, అతుకుల మీద చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కు రాస్తారు. మేం పుట్టీతో చేసేదీ అదే పని. అమ్మమ్మది ఆచారం, నాది పిచ్చి అని ఎవరు తేల్చారు?

జపాన్‌లో షిజువోకా అని ఒక ఊరుంది. 17వ శతాబ్దంలో సెంగెన్ ఆలయ నిర్మాణానికి వచ్చిన వడ్రంగులు, చెక్కడం పనివాళ్లు అక్కడే స్థిరపడ్డారని చెప్పుకుంటారు. ఆ చెక్క పని వారసత్వంలోంచి చెక్క బొమ్మ విమానాలు వచ్చాయి. మోడల్ కిట్ల కంపెనీ తమియా 1946లో కలప కంపెనీగా మొదలై, చెక్క మోడళ్లు చేసి, 1960లో ప్లాస్టిక్ కిట్లకు మారింది. గండమ్ కిట్లు అచ్చు పోసే బందాయ్ ఫ్యాక్టరీ కూడా అక్కడే. ప్రపంచంలో మోడల్ కిట్లు కట్టేవాళ్లకు షిజువోకా కాశీ లాంటిది. ఏటా మే నెలలో అక్కడ హాబీ షో జరుగుతుంది. ఇప్పుడు నిర్మల్ వైపు చూడండి. అదే పొణికి చెక్క, అదే చేతి నైపుణ్యం, తరతరాల నకాషీ కళాకారులు. హైదరాబాద్ నుంచి 200 కిలోమీటర్ల దూరం. అటు నిర్మల్ బొమ్మ ఎంపోరియం అద్దాల్లో ఉండిపోయింది, ఇటు ఆదిభట్ల రెక్క పెట్టెలో సర్దుకుని సముద్రం దాటిపోయింది. ఈ రెండింటినీ కలపాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

గండమ్ కథ ఇంకా ముఖ్యం. 1979లో ఆ సీరియల్ మొదలైనప్పుడు పెద్దగా ఎవరూ చూడలేదు. 52 ఎపిసోడ్లు అనుకున్నది 43కే ఆపేశారు. 1980లో బందాయ్ 300 యెన్‌లకు 1/144 కిట్ తెచ్చింది. పిల్లలు క్యూలు కట్టారు. చచ్చిపోయిందనుకున్న కథను బొమ్మ బతికించింది. ఆ తర్వాత నాలుగున్నర దశాబ్దాలుగా ఆ కథ, ఆ బొమ్మ ఒకదాన్నొకటి పోషిస్తున్నాయి. 1982లో మాక్రాస్ అనే యానిమే సీరియల్ వచ్చింది. అందులో రోబోగా మారే వాల్కిరీ యుద్ధ విమానానికి మూలం అమెరికా నౌకాదళపు ఎఫ్-14 టామ్‌క్యాట్. విమానం అమెరికాది, కానీ దాన్ని ప్రేమించిన జపాన్ డిజైనర్ షోజీ కవమోరి దానికి కాళ్లూ చేతులూ మొలిపించి తన దేశపు సొత్తు చేసుకున్నాడు. విమానం, యానిమే, బొమ్మ ఒకే షెల్ఫ్‌లో ఎందుకున్నాయని అడిగేవాళ్లకు నా జవాబు ఇదే. అవి పుట్టుకతోనే ఒకే ఇంటివి.

యుద్ధ విమానాల మీద మోజు పిల్లల్లో యుద్ధోన్మాదం పెంచుతుందని కొందరంటారు. ఇది డబ్బున్నవాళ్ల సరదా అని ఇంకొందరంటారు. మొదటి మాటకు జపాన్ యానిమే దర్శకుడు హయావో మియజాకీ జీవితమే సమాధానం. ఆయన కుటుంబ ఫ్యాక్టరీ రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ జీరో యుద్ధ విమానాలకు విడిభాగాలు చేసింది. ఆయన విమానాలను ప్రాణంగా ప్రేమించాడు, యుద్ధాన్ని అంతగానూ ద్వేషించాడు. మాకూ విమానమంటే ఉత్త మెరుపు కాదు. 2010 మార్చి 3న బేగంపేటలో నౌకాదళపు విన్యాసాల బృందం సాగర్ పవన్ విమానం కూలి ఇద్దరు పోయారు. 2023 డిసెంబరులో తూప్రాన్ దగ్గర వాయుసేన శిక్షణ విమానం పిలాటస్ కూలి మరో ఇద్దరు. ఆ విమానాల మోడళ్లు కట్టేవాడికి ఆ తేదీలు గుర్తుంటాయి. రెండో మాటలో కొంత నిజముంది. కానీ ఇది ఖరీదైన సరదా అయింది ఎవరి వల్ల?

బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. నాసిరకం బొమ్మలను ఆపాలన్నది ఉద్దేశం, దాన్ని తప్పుపట్టను. కానీ రంగు పూసిన నాసిరకం గిలక్కాయనూ పెద్దవాడు నెల రోజులు కూర్చుని కట్టే కిట్‌నూ ఒకే గాటన కట్టేస్తే ఎలా? నాలుగేళ్ల కిందట జపాన్ నుంచి ఒక కిట్ తెప్పించుకున్నాను. పన్ను, రకరకాల చార్జీలు కలిపి కిట్ ధరకు దాదాపు సమానంగా కట్టాను. పార్సిల్ మూడు వారాలు ఎక్కడో ఆగింది. వచ్చేసరికి పెట్టె విప్పి ఉంది, డెకాల్ షీట్ మధ్యకు మడిచి ఉంది. మడిచిన డెకాల్ ఇక పనికిరాదు. ఆ రోజు నేను పడిన బాధ ఈ పని తెలిసినవాళ్లకే అర్థమవుతుంది. నా కిట్ మీద వేసిన ఆ పన్ను వల్ల నిర్మల్‌లో ఒక్క బొమ్మ కూడా ఎక్కువ అమ్ముడుపోదు.

అసలు దెబ్బ పన్నుల కంటే లోతుగా ఉంది. మనం ఒళ్లు వంచి పనిచేసే ఊరిగా మిగిలిపోయాం. అపాచీ ఒళ్లు మనది, పేరు వాళ్లది. కార్టూన్ ఫ్రేము మనది, హీరో వాళ్లవాడు. సాఫ్ట్‌వేర్‌లో ముప్ఫై ఏళ్లుగా ఇదే కథ. ఇచ్చిన డ్రాయింగ్ ప్రకారం మిల్లీమీటరు తేడా రాకుండా చేసి పెడతాం, డ్రాయింగ్ మాత్రం ఇంకొకరు గీస్తారు. గీసేవాడు ఎక్కడ తయారవుతాడు? పద్నాలుగేళ్ల వయసులో, ఎవరూ మార్కులు వేయని పనిని, ఎవరూ అడగకుండా, తిండి మరిచిపోయి చేసినవాడిలోంచి వస్తాడు. మనం సరిగ్గా ఆ వయసులోనే పిల్లల్ని ఐఐటీ ఫౌండేషన్ బ్యాచుల్లో వేసి, డ్రాయింగ్ పీరియడ్ తీసేసి, పొద్దున్నుంచి రాత్రి దాకా బిట్లు చేయిస్తున్నాం. మావాడి కాలేజీలో బ్యాగులు తనిఖీ చేసి స్కెచ్ బుక్ లాగేసుకున్నారు. యానిమే బొమ్మలు గీస్తున్నాడని ఇంటికి ఫోన్ చేశారు. చేతి మీద అంత అదుపున్న పిల్లాడిని పిలిచి మెచ్చుకోవాల్సింది పోయి, అన్నయ్యకు టెన్షన్ పెట్టారు.

జనానికి ఇష్టం లేదనుకుంటే పొరపాటు. 2024 డిసెంబరు 8న వాయుసేన సూర్యకిరణ్ దళం హుస్సేన్‌సాగర్ మీద విన్యాసాలు చేసినప్పుడు ట్యాంక్‌బండ్ మీద ఇసుకేస్తే రాలనంత జనం. నాన్నల భుజాల మీద పిల్లలు, చేతికర్రలతో తాతలు. హైటెక్స్‌లో కామిక్స్, యానిమే అభిమానుల మేళా కామిక్ కాన్ జరిగితే అట్టముక్కలతో, ఫోమ్ షీట్లతో సొంతంగా కవచాలు చేసుకుని ఎర్రగడ్డ నుంచీ ఉప్పల్ నుంచీ మెట్రోలో వచ్చే పిల్లల్ని చూశాను. చెన్నై కంపెనీ ఫన్‌స్కూల్ 1987 నుంచి బొమ్మలు చేస్తోంది. అప్పట్లో అది చేసిన జీఐ జో సైనికుల బొమ్మల కోసం ఇవాళ విదేశాల్లో కలెక్టర్లు వెతుకుతున్నారు. మన దగ్గర చేసినదాన్ని ప్రపంచం దాచుకుంటుందని ఇంతకంటే రుజువేం కావాలి?

అందుకే అడుగుతున్నాను. పెద్దవాళ్ల కోసం చేసే స్కేల్ కిట్లను పిల్లల బొమ్మల నుంచి వేరు చేసి సుంకం తగ్గించండి. బేగంపేటలో విమానాల ప్రదర్శన వింగ్స్ ఇండియా ముగిశాక మూసేసే గేట్లలో ఒకటైనా శాశ్వతంగా తెరిచి, సేవ నుంచి తప్పుకున్న కిరణ్‌లనూ మిగ్‌లనూ అక్కడ పెట్టండి. విశాఖ బీచ్ రోడ్డులో నౌకాదళపు పాత విమానం టీయూ-142ని పెట్టారు, కురుసుర జలాంతర్గామిని పెట్టారు, జనం టికెట్ కొని చూస్తున్నారు. విమానాలు తయారు చేసే ఊరు ఆ పని ఎందుకు చేయలేదు? ఆదిభట్లలో పనిచేసే కంపెనీలు లైసెన్సులు ఇప్పించి, నిర్మల్ కళాకారులతో పొణికి చెక్కలో తేజస్, అపాచీ చేయించవచ్చు. మొదటి వంద నేనూ నా మిత్రులూ కొంటాం.

పోయిన నెల మావాడికి అపాచీ కిట్ కొనిచ్చాను. జపాన్ కంపెనీది. పెట్టె నాలుగు వైపులా తిప్పి చూశాడు. ఫ్యూజలేజ్ రెండు సగాలూ అతికి, రబ్బరు బ్యాండ్లు వేసి రాత్రంతా ఆరబెట్టాడు. పొద్దున చూస్తే తోక పక్కన పెన్సిల్‌తో సన్నగా 'ఆదిభట్ల' అని రాసి ఉంది. రంగు వేస్తే పోతుంది కదరా అన్నాను.

"అక్కడ వేయను బాబాయ్" అన్నాడు.